ల్యాబ్ కట్టినవాడి పేరు

ఆ ల్యాబ్‌లో ఒక్క తీగ కూడా లేదు. సౌదీ అరేబియాలోని అల్ ఖోబర్‌లో మా ఆఫీసు రెండో అంతస్తులో, పాడైన ప్రింటర్లు పడేసే గదిలో, ఒక బల్ల మీద ఒక సర్వరు, దాని ముందు ఒక స్క్రీను ఉండేవి. ఆ సర్వరు లోపల మాత్రం ఆరు రౌటర్లు, నాలుగు స్విచ్చులు, ఎనిమిది కంప్యూటర్లు ఉన్నట్టే నడిచేవి. అన్నీ సాఫ్ట్‌వేర్‌తో చేసినవే. అలాంటి లేని కంప్యూటర్లను మా పనిలో వర్చువల్ మిషన్లు అంటాం. వాటిని లేని స్విచ్చులకు లేని తీగలతో కలపాలి. కలిపాక నిజమైన ఫ్యాక్టరీ నెట్‌వర్కు ఎలా ఉంటుందో అలా ఉండాలి. నేర్చుకునేవాడు దాని మీద ఎన్ని తప్పులు చేసినా బయట ఏదీ ఆగిపోకూడదు.

నేర్చుకోబోయేవాళ్లు మా స్థానాల్లోకి రావలసినవాళ్లు. అది మాకు తెలుసు.

మాది ఫ్యాక్టరీలకు నెట్‌వర్కులు వేసి, వాటిని చూసుకునే చిన్న కంపెనీ. ఏ కంపెనీలో సౌదీలు ఎంతమంది ఉన్నారో చూసి ప్రభుత్వం ఒక రంగు ఇస్తుంది. ఆ పద్ధతి పేరే నితాఖత్. మా కంపెనీ పసుపులో పడి ఎరుపు వైపు జారుతోంది. ఎరుపులోకి వెళితే మాలో ఎవరికీ ఇకామా రెన్యూవల్ కాదు. ఇకామా అంటే విదేశీయుడు అక్కడ ఉండటానికిచ్చే అనుమతి కార్డు. ఇకామా లేనివాడికి ఆ దేశంలో అద్దె ఇల్లు లేదు, బ్యాంకు లేదు, పిల్లలకు బడి లేదు. ఆ ఏడాదే కుటుంబాల మీద తలకింత చొప్పున లెవీ కూడా వచ్చింది. మా బిల్డింగ్‌లో రోజుకో ఫ్లాటు ఖాళీ అయ్యేది. మెట్ల కింద ఎవరో ఒకరి సోఫా, ఎవరో ఒకరి పిల్లాడి సైకిలు ఎప్పుడూ ఉండేవి. కొనేవాళ్లు లేరు. మా అమ్మాయి అప్పుడు పదో తరగతి. పరీక్షలయ్యేదాకా కదలకూడదని నేనూ మా ఆవిడా మోకాళ్ల మీద ప్రార్థించి నిర్ణయించుకున్నాం.

మా మేనేజరు పాకిస్తానీ. మంచివాడే, కానీ ఆయన ఇకామా కూడా మాలాగే వేలాడుతోంది. ఒకరోజు నన్నూ, నాతోపాటు మా విభాగంలో మిగిలిన ఇంకొక ఇంజనీరునూ పిలిచాడు. ఆ ఇంజనీరుది విజయవాడ దగ్గర. నాకంటే ఆరేళ్లు చిన్న. మేమిద్దరం ఒకే క్రైస్తవ సంఘంలో ఆరాధించేవాళ్లం. నన్ను అన్నయ్యా అనేవాడు, నేను తమ్ముడూ అనేవాణ్ణి. అతని భార్య అక్కడే ఒక ఆసుపత్రిలో నర్సు. వాళ్లకు నాలుగేళ్ల పాప.

"నలుగురు సౌదీ కుర్రాళ్లు వస్తున్నారు. వాళ్లకు పని నేర్పాలి. నేర్పడానికి పరికరాలు కొనమంటే పైవాళ్లు ఒప్పుకోరు. కంప్యూటర్లోనే ల్యాబ్ కట్టండి. నేర్పేవాడు ఒకడు చాలు అన్నారు. ఏక్ హీ రహేగా, భాయ్. దూస్‌రే కా ఖురూజ్."

ఒకరే ఉంటారు, రెండోవాడికి ఖురూజ్. అంటే ఇకామా ముగించి దేశం దాటించే ఆఖరి కాగితం. ల్యాబ్ పని నాకు చెప్పాడు, సైట్ల పని తమ్ముడికి చెప్పాడు. ఎవరిని ఉంచాలో చివర్లో చూస్తానన్నాడు. బయటికి వచ్చాక తమ్ముడు, "ఎవరికి ఏది ఉంటే అదే జరుగుద్దిలే అన్నయ్యా" అన్నాడు.

నేను ఒక వర్చువల్ మిషన్‌ను శ్రద్ధగా తయారు చేసి, దాన్ని ఏడుసార్లు కాపీ చేశాను. కాపీని మొదటిసారి తెరిచినప్పుడు ఆ సాఫ్ట్‌వేర్ ఒక ప్రశ్న అడుగుతుంది: దీన్ని వేరే చోటికి తరలించారా, లేక కాపీ చేశారా? కాపీ అని నొక్కితే లోపలి విండోస్ మళ్లీ యాక్టివేషన్ అడుగుతుందేమోనని తరలించాను అని నొక్కాను. ఏడుసార్లు అదే నొక్కాను. చిన్న అబద్ధం, అడిగింది మనిషి కాదు. అప్పుడు అది అబద్ధమని కూడా అనిపించలేదు.

తర్వాత పది రోజులు నరకం చూశాను. ఒక్కో మిషన్‌ను విడిగా కలిపితే బాగానే పలికేది. రెండోదాన్ని కలపగానే మొదటిది మూగపోయేది. కాసేపటికి మొదటిది పలికితే రెండోది పడిపోయేది. పింగ్ అంటే ఒక మిషన్ ఇంకొకదాన్ని పిలిచి, బదులు వచ్చిందో లేదో చూడటం. నాలుగుసార్లు పిలిస్తే ఒకసారి బదులు వచ్చేది. ఫైర్‌వాల్ తీసేశాను. స్విచ్చులు మార్చాను. మొత్తం చెరిపి మళ్లీ కట్టాను. మేనేజరు రోజూ గుమ్మంలోంచి తల పెట్టి చూసి, ఏమీ అడగకుండా వెళ్లిపోయేవాడు. అడిగినా బాగుండేది.

సెలవు రోజైన శుక్రవారం ఉదయాలు మా సంఘం ఎవరో ఒకరి ఫ్లాటులో కూడేది. ఆ దేశంలో చర్చికి అనుమతి లేదు గనక కిటికీలు మూసి, తెరలు దించి, డోలక్ మీద తువ్వాలు కప్పి వాయిస్తూ మెల్లగా పాడుకునేవాళ్లం. ఎవరైనా తలుపు కొడితే పుట్టినరోజని చెప్పడానికి బల్ల మీద కేకు పెట్టేవాళ్లం. మా సంఘ పెద్ద గోదావరి జిల్లా మనిషి, పైపుల పనిలో ఫోర్‌మన్. బైబిలు వాక్యం మీద ఆయనకున్న పట్టు సెమినరీ చదివినవాళ్లలో కూడా నేను చూడలేదు. నేను పాస్టరు కొడుకుని. నడక నేర్చినప్పటినుంచీ ఆదివారపు బడిలో ఉన్నాను. అయినా ఆయన ముందు విద్యార్థినే.

ఆ వారం ప్రార్థన విన్నపాల్లో నా ల్యాబ్ సంగతి చెప్పాను. ఆయన కళ్లు మూసుకుని, ఆ మిషన్ల మధ్య ఉన్న అడ్డుగోడలు కూలిపోవాలని గట్టిగా ప్రార్థించారు.

"మా ఇంట్లో వైఫై సంగతి కూడా కాస్త చూడండి అయ్యగారూ, మూడో గదిలోకి రావట్లేదు" అంది వెనకనుంచి ఒక సిస్టరు. అందరూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వారు. పెద్దగారు కూడా నవ్వారు.

నేను నవ్వలేదు. మూడు రోజులు ఉపవాసం పట్టాను.

మూడో రోజు మధ్యాహ్నం, జుహర్ నమాజుకు ఆఫీసంతా కిందికి దిగిపోయిన వేళ, తమ్ముడు సైటునుంచి టిఫిన్ డబ్బాతో నా గదిలోకి వచ్చాడు.

"తిన్నారా అన్నయ్యా?"

"ఉపవాసం."

"ఈ పెట్టె కోసమా?"

"ఎగతాళి చెయ్యకు."

"చెయ్యట్లేదు. కాస్త జరగండి, నన్ను చూడనీండి."

పక్కన కూర్చుని, ఏ మిషన్ ఏ పోర్టులో, అంటే తీగ గుచ్చే ఏ రంధ్రంలో, ఉందో స్విచ్చు రాసుకునే పట్టిక తెరిచాడు. నేను ఆ పది రోజుల్లో దాన్ని ఒక్కసారి కూడా తెరవలేదు.

"ఇదిగో, ఈ అడ్రసు మూడో పోర్టులో ఉంది. ఇప్పుడు రెండోదాన్నుంచి పింగ్ కొట్టండి. చూశారా, అదే అడ్రసు ఇప్పుడు అయిదులో ఉంది. ఒకే మనిషి రెండిళ్ల గుమ్మాల్లో నిలబడితే పోస్టుమాన్ ఏం చేస్తాడు?"

"ఐపీలు వేరేవేరేగానే ఇచ్చానే."

"ఐపీలు వేరే. కింద మాక్ అడ్రసు ఎనిమిదింటికీ ఒకటే. కాపీ చేసినప్పుడు అడిగిందా?"

ఐపీ అంటే మనం ఇచ్చే అడ్రసు. మాక్ అంటే ప్రతి నెట్‌వర్కు కార్డుకీ పుట్టుకతో వచ్చే అడ్రసు. ఏ రెండింటికీ ఒకటే ఉండకూడదు. తరలించాను అని నొక్కినందువల్ల పాత అడ్రసే ఏడింటికీ అతుక్కుంది. బదులు ఎటు పంపాలో స్విచ్చుకు తెలియక, ఆఖరున మాట్లాడినదానికి పంపుతోంది.

"అడిగింది. తరలించాను అన్నాను" అన్నాను.

"బాగుంది. మూడు రోజుల ఉపవాసం దీనికా?" అని డబ్బా మూత తీశాడు. "ఇడ్లీ. మా ఆవిడ డ్యూటీకి వెళ్తూ చేసింది. తినండి ముందు."

తిన్నాను. నేను తింటుండగా అతను ఏడు మిషన్లకూ కొత్త అడ్రసులు ఇచ్చాడు. ఎనిమిదీ ఒకదానికొకటి పలికాయి. అంతటితో ఆగలేదు. తర్వాతి రెండు రోజులు సైటుకు వెళ్లేముందు పొద్దున్నే వచ్చి, నేను చిందరవందరగా కలిపినవన్నీ విప్పి, ల్యాబ్ ఆఫీసు నెట్‌వర్కును తాకకుండా విడిగా కట్టాడు. నేర్చుకునేవాళ్ల కోసం పాఠాల కాగితాలు కూడా రాశాడు. మొదటి పాఠంలో ఏ బటను నొక్కాలి, రెండో దానిలో ఏం చెడగొట్టి చూడాలి, ఎలా బాగుచేయాలి. నిజం చెప్పాలంటే నాది అనదగినది ఆ ల్యాబ్‌లో సర్వరు ఆన్ చేసే బటను ఒక్కటే.

ఆ వారమే మేనేజరు, యజమాని కొడుకుని వెంటబెట్టుకుని చూడటానికి వచ్చాడు. తమ్ముడు ఆ రోజు జుబైల్ సైటులో ఉన్నాడు. ఎనిమిది మిషన్లనూ పలికించి చూపించాను. ఒక రౌటరును ఆపి, దారి మారి బదులు రావడం చూపించాను.

"కిస్‌నే బనాయా?" అన్నాడు మేనేజరు. ఎవరు కట్టారు అని.

"ఖుదా కా ఫజ్ల్ హై, సాబ్" అన్నాను. దేవుని దయ అని.

ఆ మాట ఆయనకు నచ్చింది. యజమాని కొడుకు మాషా అల్లా అని మెచ్చుకున్నాడు. మేనేజరు నా భుజం మీద చెయ్యి వేసి రిపోర్టు పంపమన్నాడు. రిపోర్టు కాగితం కింద, తయారు చేసినవారు అనే గడి ఉంటుంది. అందులో ఇద్దరి పేర్లు పట్టేంత చోటుంది. నేను ఒకటే రాశాను.

ఇక్కడ మా సంఘంలోని ఒక కట్టుబాటు చెప్పాలి. దేవుడు చేసిన మేలు గురించి లేచి సాక్ష్యం చెప్పేటప్పుడు మనుషుల పేర్లు ఎత్తకూడదు. నేను చేరకముందు కొందరు లేచి, ఫలానా అన్న వీసా ఇప్పించాడని, ఫలానా డాక్టరమ్మ బతికించిందని పొగడటం మొదలుపెడితే, పొగడనివాళ్ల పేర్ల మీద గొడవలై సంఘం రెండుగా చీలబోయిందట. అప్పటినుంచి పెద్దగారు గీత గీశారు. మేలు ఎవరి చేతిమీదుగా వచ్చినా చెప్పేది దేవుని పేరే. నాకు అది సబబుగానే తోచేది. ఇప్పటికీ ఆ కట్టుబాటును తప్పు పట్టను. దాని వెనక దాక్కున్నవాణ్ణి నేను.

శుక్రవారం లేచి సాక్ష్యం చెప్పాను. మూడో రోజు ఉపవాసంలో ప్రభువు నా కళ్లు తెరిచాడని, అడ్డుగోడ కూలిందని, ఎనిమిది మిషన్లూ మాట్లాడాయని చెప్పాను. చెబుతూ ఏడ్చాను. ఆ కన్నీళ్లు నిజమైనవే, అదే నాకు అర్థం కాదు. ఆమెన్ అని గుసగుసగా అన్నారు అందరూ. తమ్ముడు డోలక్ వెనక కూర్చుని ఉన్నాడు. అతనూ ఆమెన్ అన్నాడు.

తిరిగి వెళ్లేటప్పుడు వాళ్లను నా కారులోనే దించాను. అతను ముందు సీట్లో, భార్యా పాపా వెనక.

"అన్నయ్యా, దేవుడు వచ్చేటప్పుడు ఇడ్లీ డబ్బా కూడా తెచ్చాడని చెప్పలేదేం?"

"సంఘంలో పేర్లు ఎత్తకూడదుగా తమ్ముడూ."

"సంఘంలో సరే. మేనేజరుకి చెప్పారా?"

"చెబుతాను. రిపోర్టు చదవనీ."

"సరే" అన్నాడు. అద్దంలో అతని భార్య కనబడుతోంది. పాప జుట్టు సవరిస్తూ కిటికీలోంచి బయటికి చూస్తోంది. అతను ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు. అన్నయ్య చెబుతాడని నమ్మాడు. లేదా అడుక్కోవడం ఇష్టం లేకపోయింది. రెంటిలో ఏదో నేను ఎన్నడూ అడగలేదు.

ప్రతి పొద్దునా మేనేజరు గది ముందునుంచి నడిచి వెళ్లేవాణ్ణి. తలుపు తెరిచే ఉండేది. రేపు చెబుదాం అనుకునేవాణ్ణి. ఇంటికి వెళితే మా అమ్మాయి బల్ల మీద లెక్కల పుస్తకం తెరిచి ఉండేది. ఆ పుస్తకం చూసి నన్ను నేను క్షమించుకునేవాణ్ణి. అతనికీ ఒక కూతురు ఉందన్నది ఆ లెక్కలోకి రానిచ్చేవాణ్ణి కాదు.

జాబితా వచ్చింది. ల్యాబ్ కట్టినవాణ్ణి ఉంచారు. తమ్ముడికి ఖురూజ్. అతని భార్యకు ఆసుపత్రి ఇకామా ఉంది కానీ, దాని మీద భర్తను ఉంచుకోవడానికి ఎంత తిరిగినా కుదరలేదు. ఆమె జీతం మీద రెండు కుటుంబాలు ఆధారపడి ఉన్నాయి, మానేయడానికి లేదు. నర్సుల హాస్టల్లో పిల్లల్ని ఉండనివ్వరు. అందువల్ల అతను పాపను తీసుకుని వెళ్లాలి, ఆమె ఉండాలి.

సామాను దించడానికి వెళ్లాను. రెండు సూట్‌కేసులు నేనే మోశాను, ఎవరూ మోయమనకుండానే. కారు డిక్కీ మూస్తుంటే అన్నాడు:

"అమ్మాయిని పరీక్షలు బాగా రాయమనండి అన్నయ్యా."

తిట్టి ఉంటే ఏదో ఒక జవాబు చెప్పి ఉండేవాణ్ణి.

ఆ తర్వాతి శుక్రవారం ఉండబట్టలేక లేచాను. "నేను ఒక మాట సరిదిద్దుకోవాలి. ఆ ల్యాబ్ విషయంలో, మన తమ్ముడు..." అన్నాను.

పెద్దగారు కళ్లు తెరవకుండానే చెయ్యి ఎత్తారు. "బ్రదర్ గారూ, మనుషుల పేర్లు వద్దు. మహిమ ప్రభువుకే చెల్లనివ్వండి."

ఆమెన్ అన్నారు. కూర్చున్నాను. అలా కూర్చోవడం ఎంత హాయిగా అనిపించిందో తలుచుకుంటే ఇవాళ్టికీ సిగ్గేస్తుంది. మేనేజరు మా సంఘం వాడు కాదు. ఆయన ముందు ఏ పేరైనా ఎత్తవచ్చు. ఆదివారం పొద్దున ఆఫీసుకు వెళ్లాను, ఆయన తలుపు ముందునుంచే నడిచాను.

వచ్చిన నలుగురు సౌదీల్లో ముగ్గురు పేరుకే వచ్చేవాళ్లు. రంగు మారడానికి వాళ్ల పేర్లు చాలు కంపెనీకి. నాలుగోవాడు నిజంగా నేర్చుకున్నాడు. ఒకరోజు పాఠాల కాగితాలు పట్టుకొచ్చి, "ఉస్తాద్, ఇవి రాసినవాళ్లు ఎవరు? మా కాలేజీలో ఎవరూ ఇంత విడమరిచి చెప్పలేదు" అన్నాడు.

"కంపెనీవి" అన్నాను.

ఏడాది గడిచింది. మా అమ్మాయి పరీక్షలు బాగానే రాసింది, పదకొండులో చేరింది. నా ఇకామా మళ్లీ రెన్యూవల్‌కు వెళ్లింది. అప్పుడు తమ్ముడి భార్య ఒక శుక్రవారం ఆరాధన అయ్యాక నా దగ్గరికి వచ్చింది. జుబైల్‌లో ఒక కంపెనీ ఇలాంటి ల్యాబే కట్టించాలనుకుంటోందని, తమ్ముడు ఫోనులో ఇంటర్వ్యూ ఇచ్చాడని, పాత కంపెనీనుంచి ఒక ఉత్తరం కావాలన్నారని చెప్పింది. మేనేజరును అడిగితే, ల్యాబ్ సంగతి నాకే తెలుసు గనక నేను రాస్తే సంతకం పెడతానన్నాడట.

"ఆ ల్యాబ్ ఆయన కట్టాడని ఒక్క మాట రాస్తే చాలన్నయ్యా. వస్తే పాప కూడా వస్తుంది."

ఆ ఒక్క మాట రాస్తే, నా రిపోర్టు అబద్ధమని మేనేజరు చేతికే రాసి ఇచ్చినట్టు. రెన్యూవల్ కాగితం ఆయన బల్ల మీదే ఉంది. ఆ వారమంతా రాశాను, కొట్టేశాను. ప్రార్థన చేశానని చెప్పను. ఈ విషయం దేవుడి దగ్గరికి తీసుకెళ్లలేదు, ఏం చెబుతాడో తెలుసు గనక. అబద్ధసాక్ష్యం గురించిన ఆజ్ఞను ఆదివారపు బడిలో పిల్లలకు వేళ్లు మడిచి నేర్పినవాణ్ణి.

తర్వాత జరిగింది కూడా చెప్పేస్తాను. ఆ జుబైల్ ఉద్యోగం అతనికి రాలేదు. ఏడాదిన్నరకు ఆ నాలుగో సౌదీ నా కుర్చీలో కూర్చున్నాడు, నాకూ ఖురూజ్ ఇచ్చారు. అతను ఆ పనికి తగినవాడు. నాకు న్యాయం జరిగిందని కొందరు అనవచ్చు. అది న్యాయం కాదు. నాకేం జరిగినా ఆ పాప తల్లి దగ్గర పెరగలేదు.

ఉత్తరం ఇచ్చిన శుక్రవారం మా ఇంట్లోనే కూడిక. ఆమె నైట్ డ్యూటీ దిగి నేరుగా వచ్చింది. గుమ్మం దగ్గరే కవరు అందించాను. చెప్పులు కూడా విప్పకుండా అక్కడే తెరిచి చదివింది. చిన్న ఉత్తరమే. చదివాక ఒక వరుస దగ్గర వేలు పెట్టింది.

"ల్యాబ్ పనిలో సహాయపడ్డాడు అని రాశారు."

"అదీ నిజమే కదమ్మా."

ఆ వరుస మీదినుంచి వేలు తీసేసింది. "నిజమే అన్నయ్యా" అంది. మడిచి కవరులో పెట్టుకుని, చెప్పులు విప్పి, చున్నీ తలమీదికి లాక్కుని లోపలికి వెళ్లి ఆడవాళ్ల మధ్య కూర్చుంది.

ఆ రోజు వాక్యం చదివే వంతు నాది. పెద్దగారు తలూపారు. లేచి నిలబడి, ఎక్కడా తడబడకుండా, అధ్యాయమంతా చదివాను.